బావ కుట్టిన పరుపు

స్ప్రింగు వల్లే తన కూతురి కాలు విరిగిందని మేస్త్రీ అయిదు వారాలుగా ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెబుతున్నాడు. పాలు పోసే అతనికి చెప్పాడు. సోఫా బాగుచేయించుకోవడానికి వచ్చిన గుమాస్తాకి చెప్పాడు. పై వాటాలో అద్దెకుండే నర్సుకైతే రెండుసార్లు చెప్పాడు. స్ప్రింగు అంటే పరాయివాడు కాదు, భార్యకి సొంత తమ్ముడు. చిన్నప్పుడు గోడలెక్కి దూకుతున్నాడని ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చి, జిమ్నాస్టిక్స్ హాల్లో కోచ్ అయ్యాక కూడా అదే ఉండిపోయింది. "సొంత మేనకోడలినే చూసుకోలేనివాడు ఊరి పిల్లలకి ఏం నేర్పుతాడయ్యా?" అని మేస్త్రీ అడిగితే, వినేవాళ్లు తల ఊపి తమ పని చూసుకునేవారు. ఒకరి కష్టం అయిదు వారాలు వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ రోజు పొద్దున్నే మేస్త్రీ కొట్టు షట్టరు సగం ఎత్తి, లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముందు కొట్టు, వెనక రెండు గదుల ఇల్లు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపే కాబట్టి ఇంట్లో గిన్నెలకి కూడా జిగురు వాసనే. కారు సీట్లు, సోఫాలు, బస్సు డ్రైవర్ల సీట్లు — ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్లు కూర్చునే చోటల్లా మెత్తగా చేసి పెట్టిన మనిషికి, తను కూర్చునే కుర్చీ బద్దలు గుచ్చుకుంటున్నా బాగుచేసుకునే తీరిక దొరకలేదు.

మేస్త్రీ భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పనికి వెళ్తుంది. ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. తలలో దువ్వెన గుచ్చుకునే ఉంది, ఒక చేత్తో డబ్బా మూత బిగిస్తూ, ఇంకో చేత్తో కూతురి కాలికి చుట్టిన ప్లాస్టిక్ సంచి విప్పుతోంది. స్నానం చేసినప్పుడు పట్టీ తడవకుండా చుట్టిన సంచి అది. మోకాలి కింది నుంచి వేళ్లదాకా ప్లాస్టర్. ఇంకో వారంలో తీస్తామన్నారు.

పదమూడేళ్ల ఆ పిల్లని అందరూ బొంగరం అంటారు. కుదురుగా ఒకచోట నిలబడి ఎరగదు. ఇప్పుడు కాలు స్టూలు మీద చాపి, బల్ల మీద కాగితాలు పరుచుకుని, పెన్ను కొరుకుతూ కూర్చుంది.

"పొద్దున్నే ఏం రాస్తున్నావే?" అన్నాడు మేస్త్రీ.

"పేరెంట్స్ డే ఉంది కదా నాన్నా. నేను ఆడలేను కాబట్టి మాట్లాడమన్నాడు మామయ్య. జిమ్నాస్టిక్స్ అంటే ఏమిటి, ఎక్కడ పుట్టింది, మొదట్లో ఏం నేర్పుతారు... కొత్తగా పిల్లల్ని చేర్పించేవాళ్లకి తెలియాలట. పది నిమిషాలు."

"ఓహో. కాలు విరగ్గొట్టి ఇప్పుడు నోటికి పని పెట్టాడా?"

"వింటావా లేదా?"

"చదువు. నా చెవులు ఖాళీగానే ఉన్నాయి."

బొంగరం గొంతు సవరించుకుంది. "'వేల ఏళ్ల కిందట గ్రీసులో యువకులు ఒంటి మీద బట్టలు లేకుండా కసరత్తులు చేసేవారు. నగ్నంగా అనే అర్థం ఉన్న గ్రీకు మాటలోంచే జిమ్నాస్టిక్స్ అనే పేరు పుట్టింది.'"

"ఇప్పుడు మీ హాలువాళ్లు పిల్లల్ని వదిలేసి తండ్రుల బట్టలు ఊడదీస్తున్నారు. అది కూడా రాయి."

"నాన్నా!" అని నవ్వింది. "'సైనికులు గుర్రం ఎక్కడం దిగడం నేర్చుకోవడానికి చెక్క గుర్రం మీద సాధన చేసేవారు. ఆ చెక్క గుర్రమే ఇప్పటికీ మగపిల్లల ఆటలో ఉంది. రెండు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక పంతులు ఆరుబయట కర్రలు పాతించి, కమ్మీలు కట్టించి కుర్రవాళ్ల చేత కసరత్తులు చేయించాడు. జంట కమ్మీలు అలా వచ్చాయి. ఆడవాళ్లని మాత్రం ఒలింపిక్స్‌లో ఈ ఆటకి 1928 దాకా రానివ్వలేదు.'"

"అప్పటిదాకా తెలివిగానే ఉన్నారన్నమాట."

"అలా అంటే మీకు మంచినీళ్లు కూడా ఇవ్వను," అంది భార్య అటునుంచి. "చదవవే నువ్వు."

"'చేరిన మొదటి మూడు నెలలు ఎగరడం నేర్పరు. ఒళ్లు సాగదీయడం, ముందుకీ వెనక్కీ పల్టీలు, గోడకి ఆనుకుని చేతుల మీద నిలబడటం. అన్నిటికంటే ఎక్కువగా నేర్పేది కింద పడటం, దిగడం. వేళ్లు ఆని, మడమ ఆని, మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాచి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. దిగడం వచ్చినవాళ్లకే ఎగిరే హక్కు ఉంటుంది.'"

మేస్త్రీకి గుర్తే. ఆరేళ్ల కిందట మొదటిసారి హాలుకి తీసుకెళ్లినప్పుడు పిల్లలందరూ వరుసగా నిలబడి మూరెడు ఎత్తు పెట్టె మీంచి దూకడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దూకడం. నెల రోజులు అదే. "కింద పడటానికి కూడా ఫీజు కట్టి నేర్చుకోవాలిట్రా? నా జీవితమంతా ఎవడూ నేర్పకుండానే పడ్డాను" అని అప్పుడు స్ప్రింగుతో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుల్లో నవ్వుకునేవారు.

"తర్వాత?" అన్నాడు.

బొంగరం తర్వాతి కాగితం బోర్లా తిప్పేసింది. "అంతే. మిగతాది సరిగ్గా రాలేదు."

అంత బాగా దిగడం నేర్పినవాడు, అన్నేళ్లు నేర్చుకున్న పిల్ల దిగుతుంటే కాలు ఎందుకు విరగనిచ్చాడు? మేస్త్రీకి కడుపు మండేది అక్కడే. పైగా పిల్ల పడింది తను కుట్టిన పరుపు మీద. రెండు నెలల కిందట స్ప్రింగు ట్రాలీ బండి మీద ఆ పరుపు తెచ్చాడు, పిల్లలు ఎత్తు మీంచి దిగే పెద్ద పరుపు. అంచులు చిరిగి ఉన్నాయి. "పైగుడ్డ మార్చి కుట్టండి చాలు బావా. లోపల ఏమీ ముట్టుకోకండి" అని చెప్పి వెళ్లాడు. మేస్త్రీ విప్పి చూస్తే అడుగున ఫోమ్ బాగానే ఉంది గానీ, పైన రెండు అంగుళాల షీటు, బొటనవేలితో నొక్కితే దిగదు. చెక్కలా ఉంది. దీని మీదా నా పిల్ల దూకుతున్నది, అనుకునేసరికి అతని ప్రాణం ఉసూరుమంది. డబ్బు మిగుల్చుకోవడానికి ఎవడో అంటగట్టిన చవక సరుకు అని తీర్మానించుకున్నాడు. ఆ షీటు చుట్ట చుట్టి అటక మీద పడేశాడు. ఒక డాక్టరు గారి సోఫా కోసం తెప్పించి ఉంచిన ఫోమ్, కొట్టులో అంతకంటే మెత్తనిది లేదు, అది పరిచి, తన చేత్తో కుట్టి పంపాడు. ఎవరికీ చెప్పలేదు. చేసిన మంచి చెప్పుకోవడం అతనికి చేతకాదు, జరిగిన చెడు చెప్పుకోవడమే వచ్చు.

బస్సుకి ఇరవై నిమిషాలుందనగా స్ప్రింగు వచ్చాడు. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి వచ్చి, వేళ్ల మధ్య తెల్లటి సుద్దపొడి ఇంకా పోని చేతులతో, మడత పెట్టిన కాగితం ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, వెళ్లిపోయావేమో అనుకున్నా."

"రారా. కాఫీ తాగుతావా?"

"వద్దు. బావా, సంతకం కావాలి," అన్నాడు కాగితం విప్పుతూ. "ప్లాస్టర్ తీశాక దీన్ని మళ్లీ బ్యాచ్‌లోకి తీసుకోవాలంటే తండ్రి ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. సాయంత్రంలోగా ఇవ్వకపోతే దీని చోటు వేరే అమ్మాయికి ఇచ్చేస్తారు. నేను వారం నుంచి ఆపుతూ వచ్చాను."

"ఇచ్చేయమను," అన్నాడు మేస్త్రీ. "ఎవరి పిల్ల కాలు ఎక్కువైందో వాళ్లు పంపుకుంటారు."

బొంగరం పెన్ను కింద పెట్టింది. "నాన్నా..."

"నువ్వు మాట్లాడకు. ఆ హాలు గడప నువ్వు మళ్లీ తొక్కేది లేదు. చెప్పడం అయిపోయింది."

"దానికి అదే ప్రాణం బావా. మీకూ తెలుసు."

"ప్రాణమా? ప్రాణం తీసేవాడివి నువ్వే, ప్రాణం సంగతి చెప్పేవాడివీ నువ్వేనా? పిల్ల పల్టీ కొట్టి దిగుతుంటే నువ్వెక్కడున్నావ్? పక్కనే ఉన్నావుగా? చెయ్యి అడ్డం పెట్టడానికి జీతం సరిపోలేదా?" మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. "పెద్ద పిల్లల బ్యాచ్ పీకేశారటగా నీకు. నాలుగేళ్ల బుడ్డోళ్లని దొర్లించుకుంటున్నావట. ఊరికే పీకుతారా? వాళ్లకి తెలుసు నువ్వెంత పనిమంతుడివో."

"అవును బావా. దొర్లిస్తున్నాను," అన్నాడు స్ప్రింగు.

ఎదురు మాట్లాడి ఉంటే మేస్త్రీ అక్కడితో ఆగేవాడేమో. తిట్టినా పడి ఉండే మనిషిని చూస్తే అతనికి ఇంకా ఒళ్లు మండుతుంది.

"అసలు నేనే లేకపోతే ఇవాళ ఇది ఆ మూల మంచం మీద ఉండేది! నడుము విరిగి! నువ్వు తెచ్చిన ఆ చెక్క పరుపులో గట్టి షీటు తీసేసి, నా సొంత ఫోమ్, డాక్టరు గారి ఫోమ్, మెత్తగా పరిచి ఇచ్చాను కాబట్టి చీలమండతో పోయింది. అది తెలుసా నీకు? ఒక్కడైనా దణ్ణం పెట్టాడా నాకు?"

మేస్త్రీ భార్య చేతిలో డబ్బా అలాగే ఉంది.

"పరుపులో ఏం తీసేశారు?" అంది.

"గట్టి షీటు. పైది."

ఆమె తమ్ముడి వైపు చూసింది. స్ప్రింగు నేల వైపు చూశాడు. "అక్కా, వదిలెయ్. నీ బస్సు పోతుంది."

"బస్సు సంగతి నాకు తెలుసు. ఏమిట్రా? నా ముఖం చూసి చెప్పు."

"మామయ్యా, చెప్పనన్నావు," అంది బొంగరం చిన్నగా. "ఒట్టేశావు."

"నేనేం చెప్పలేదే తల్లీ."

ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు మేస్త్రీ. తన ఇంట్లో తనకి తెలియనిదేదో ఉందని అర్థమైంది. పిల్ల చెయ్యి బల్ల మీద బోర్లించిన కాగితాన్ని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. అతను దగ్గరికి వెళ్లి, ఆ చేతి కింద నుంచి కాగితం లాగాడు.

ఆరో తరగతితో బడి మానేసినవాడు. చదవడం వచ్చు గానీ, వేలు పెట్టి, పెదాలు కదిపి చదవాలి. ఆ కాగితం మీద రాతంతా అడ్డంగా గీతలు కొట్టేసి ఉంది. గీతల కింద అక్షరాలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.

"'అన్నిటికంటే ముందు చూడాల్సింది పరుపు,'" అని పైకే చదివాడు. "'పరుపు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దెబ్బ తగలకుండా లోపల మెత్తగా ఉండాలి. పైన మాత్రం గట్టి పొర ఉండి తీరాలి. పైన కూడా మెత్తగా ఉంటే పాదం... పాదం అందులో కూరుకుపోతుంది. ఒళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కూరుకుపోయిన పాదం తిరగదు. అప్పుడు చీలమండ...'"

మిగిలింది చదవలేదు. చదవనక్కర్లేదు. ఎదురుగా స్టూలు మీద ప్లాస్టర్‌లో ఉంది.

"దీన్ని ఎందుకు కొట్టేశావు?" అన్నాడు.

"పేరెంట్స్ డేకి నువ్వు కూడా వస్తావు కదా నాన్నా. ముందు వరుసలో కూర్చుని వింటావు," అంది బొంగరం. దాని కళ్లు నిండిపోయాయి.

మేస్త్రీ భార్య డబ్బా బల్ల మీద పెట్టింది. అరవలేదు. అరిచే ఓపిక ఆమెకి ఎప్పుడో అయిపోయింది. "అయిదు వారాలండీ. అయిదు వారాలు వాడిని ఊరంతా తిడుతూ తిరిగారు. నా తమ్ముడి ముఖం నేనే సరిగ్గా చూడలేదు. నిజమేనేమో, వీడి నిర్లక్ష్యమేనేమో అని నేను కూడా అనుకున్నాను. తోడబుట్టినదాన్ని."

"తప్పు నాదే అక్కా," అన్నాడు స్ప్రింగు.

"నువ్వు నోరు మూసుకోరా! ఇంకెంతకాలం మోస్తావు?"

"కాదు, నిజంగానే నాది. హాల్లో ఒక పద్ధతి ఉంది. రిపేరుకి వెళ్లొచ్చిన పరుపు మీద ముందు కోచ్ దూకాలి. పది సార్లు దూకి, బాగుందన్నాకే పిల్లల్ని దూకనివ్వాలి. ఎవరు కుట్టినా సరే, ఎక్కడ కొన్నా సరే. పద్నాలుగేళ్లలో నేను ఒక్కసారే దూకలేదు. బావ కుట్టాడు కదా, దూకేదేముంది అనుకున్నాను. మేనేజరు అడిగితే అదే చెప్పాను, దూకలేదు అని. అందుకే బ్యాచ్ తీసేశారు. లోపల ఏముందో నేను చెప్పలేదు."

మేస్త్రీ కొట్టులోకి వెళ్లి, మధ్య తలుపు వేసుకున్నాడు.

కొట్టులో సగం వెలుతురే ఉంది. మూలన డాక్టరు గారి ఫోమ్‌లో మిగిలిన ముక్క నిలబెట్టి ఉంది. కింద పడేసి, చెప్పులు విడిచి, గుడ్డ కత్తిరించే బల్ల ఎక్కాడు. మోకాళ్లు పట్టేసిన నలభై తొమ్మిదేళ్ల మనిషి. కాసేపు పైనే నిలబడ్డాడు. అక్కణ్ణించి నేల చాలా దూరంగా కనిపించింది. దూకాడు. పాదం ఫోమ్‌లో చీలమండ దాకా దిగిపోయింది, పట్టుకున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం ఆగకుండా పక్కకి పోయింది. చెయ్యి కుట్టు మిషను కాలికి కొట్టుకుంది. పాదానికేం కాలేదు. పల్టీ కొట్టలేదు కదా, తిరగలేదు కదా, ఉట్టినే దూకాడు. దానికే ఇలా ఉంది. తన పిల్ల గాల్లో రెండు చుట్లు తిరిగి దీని మీద దిగింది.

ఫోమ్ మీద అలాగే కూర్చుండిపోయాడు. బొటనవేలితో నొక్కాడు. ఎక్కడ నొక్కినా దిగిపోతోంది. ముప్ఫై ఏళ్లు ఇదే గొప్ప అనుకున్నాడు.

తలుపు తోసుకుని బొంగరం వచ్చింది, చంకకర్ర ఒకటి ఆనించుకుని, ఒంటికాలి మీద గెంతుతూ. వచ్చి అతని పక్కన కూలబడింది. కాసేపు ఇద్దరూ షట్టరు కింద నుంచి వీధిలో పోయే కాళ్లని చూస్తూ కూర్చున్నారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"దిగేటప్పుడే. కాలు ఆనగానే మన సోఫాలా అనిపించింది. అయ్యో, నాన్న కుట్టాడు అనుకున్నా. అప్పటికే టక్‌మంది."

"నన్ను తిట్టాలనిపించలేదా?"

"అనిపించింది. ఆసుపత్రిలో నువ్వు మామయ్య మీద అరుస్తుంటే చెప్పేద్దామనుకున్నా. మళ్లీ నువ్వు బయటికెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చావుగా. చూశాను. ఇంక చెప్పలేకపోయాను."

మేస్త్రీ ముఖం తిప్పుకున్నాడు. చేతికి దొరికిన రెక్సిన్ ముక్కతో కళ్లు తుడుచుకున్నాడు. రెక్సిన్‌కి తడి పీల్చే గుణం లేదు. నీళ్లన్నీ చెంపల మీద అటూ ఇటూ పూసుకుపోయాయి. బొంగరం తన చున్నీ కొస అందించింది.

"చిన్నప్పుడు నిన్ను ఎక్కడ కూర్చోబెట్టినా కింద మెత్తటిది వేసేవాణ్ణి," అన్నాడు. "నాకు తెలిసింది అదొక్కటేనే. ఇంకేం తెలుసు నాకు?"

"తెలుసులే నాన్నా."

కాసేపటికి మధ్య తలుపు మళ్లీ తెరుచుకుంది. మేస్త్రీ గుమ్మంలో నిలబడి, బావమరిది ముఖం కాకుండా అతని చేతుల మీది సుద్దపొడిని చూస్తూ అడిగాడు. "ఆ పరుపు ఎక్కడుంది?"

"హాల్లో, వెనక గదిలో. ఎవరూ వాడకుండా గోడకి ఆనించి పెట్టాను."

"తీసుకురా."

"సంతకం..."

"ముందు పరుపు తీసుకురారా."

మేస్త్రీ భార్య లాండ్రీకి ఫోన్ చేసి, రాలేనని చెప్పింది. పదేళ్లలో అది ఆమె తీసుకున్న నాలుగో సెలవు. పరుపు వచ్చేసరికి పదకొండు దాటింది. తన కుట్టు తనే విప్పడం మేస్త్రీకి కొత్త. గట్టిగా, దగ్గర దగ్గరగా, ఎప్పటికీ ఊడకూడదని వేసిన కుట్టు. ఒక్కో పోగూ కోస్తుంటే వేళ్లు నొప్పి పుట్టాయి. భార్య దారపు ముక్కలు ఏరి పక్కన పెట్టింది. స్ప్రింగు అటక ఎక్కి పాత షీటు దించాడు. దుమ్ము దులిపి, మెత్తటి ఫోమ్ తీసేసిన చోట పరిచారు.

"ఎంత గట్టిగా ఉండాలి?" అని అడిగాడు మేస్త్రీ. ముప్ఫై ఏళ్లలో తన పని గురించి ఇంకొకరిని అడగడం అదే మొదలు.

స్ప్రింగు అతని చెయ్యి పట్టుకుని షీటు మీద ఆనించి, తన ఒళ్లంతా బరువు వేసి నొక్కాడు. "చూడండి. చెయ్యి కూరుకుపోకూడదు. మొత్తం పరుపే కలిసి కిందికి దిగాలి. దిగి, మళ్లీ లేవాలి."

"ఊఁ," అన్నాడు మేస్త్రీ. ఆ చెయ్యి వెంటనే తీసేయలేదు. "బావమరిదీ..."

"చెప్పండి బావా."

"బుడ్డోళ్లు బాగానే దొర్లుతున్నారా?"

స్ప్రింగు అయిదు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు. "ఒకడైతే దొర్లుతూ నిద్రపోయాడు నిన్న."

మూడింటికి కుట్టు అయిపోయింది. పరుపు కొట్టు మధ్యలో పరిచారు. స్ప్రింగు చెప్పులు విడిచి బల్ల ఎక్కబోతుంటే మేస్త్రీ రెక్క పట్టుకుని ఆపాడు.

"నేను దూకుతాను."

"ఏమండీ, మీ మోకాళ్లు!" అంది భార్య.

"మోకాళ్లు వంచాలి నాన్నా. చేతులు ముందుకి," అంది బొంగరం.

దూకాడు. పరుపు అతన్ని మింగలేదు. పాదాల కింద గట్టిగా నిలబడి, కొంచెం దిగి, లేచింది. అతను కూడా నిలబడ్డాడు, చేతులు ముందుకి చాచి, పట్టుబడ్డ దొంగలా. బొంగరం "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టింది. మూడు అనేదాకా కదలకుండా ఉండి, అప్పుడు కూర్చున్నాడు. తర్వాత స్ప్రింగు పది సార్లు దూకాడు, ఒక్కటి కూడా తగ్గకుండా.

సంతకం కుట్టు బల్ల మీదే పెట్టాడు, అక్షరానికి అక్షరం విడిగా. కాగితం తనే జేబులో పెట్టుకుని, "పద, మీ మేనేజరు దగ్గరికి నేనూ వస్తాను," అన్నాడు. స్ప్రింగు వద్దన్నా వినలేదు. హాల్లో పాతికమంది పిల్లలు చూస్తుండగా, మేనేజరు బల్ల ముందు నిలబడి, గట్టి షీటు తీసింది నేను, ఇతను కాదు అని చెప్పాడు. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని, దూకి చూడకపోవడం కోచ్ తప్పేనని, పెద్ద బ్యాచ్ సంగతి వచ్చే నెల ఆలోచిద్దామని అన్నాడు. అంతకంటే ఎక్కువ ఎవరూ ఆశించలేదు. బొంగరం చోటు మాత్రం దానికే ఉంది.

తిరిగొచ్చాక కూతురితో అన్నాడు. "ఆ కొట్టేసింది మళ్లీ రాయి. నాన్న చేసిన తప్పు అని కూడా రాయి. వినేవాళ్లకి పనికొస్తుంది."

"అలా రాయను."

"పోనీ, ఒక సీట్ల మేస్త్రీ అని రాయి."

"ఊళ్లో సీట్ల మేస్త్రీవి నువ్వొక్కడివేగా నాన్నా!" అంది బొంగరం. లోపల్నించి భార్య నవ్వు వినిపించింది.

వారం తర్వాత ప్లాస్టర్ తీశారు. లోపల కాలు సన్నగా, పాలిపోయి, ఇంకెవరిదో అన్నట్టుంది. ఎగరడం నాలుగు నెలల తర్వాతి మాట, అంతవరకు నేల మీద పెట్టిన బీమ్ మీద రోజూ రెండు పూటలా నడవాలి అన్నారు. బెత్తెడు వెడల్పు దూలం అది. హాలు ఊరవతల ఉంది, ఆ కాలితో రోజూ రెండుసార్లు బస్సెక్కడం కుదరదు. స్ప్రింగు హాల్లో మూలనపడ్డ పాత బీమ్ అడిగి తెచ్చాడు. పెట్టడానికి ఇంట్లో గదులు చాలలేదు. మేస్త్రీ రెండు సోఫాలు బయటికి గెంటి, కొట్టులో గోడ వారగా వేయించాడు. ఆ సోఫాలు తడుస్తాయని వాటి యజమాని వేరే కొట్టుకి తీసుకుపోయాడు. ఎదురింటివాళ్లు కొట్టా, సర్కసా అని అడిగారు. పొద్దున, సాయంత్రం పిల్ల చేతులు చాచి ఆ చివర నుంచి ఈ చివరకి వణుకుతూ నడుస్తుంటే, సూది చేతిలో పట్టుకుని పక్కనే నడిచేవాడు, ముట్టుకోకుండా. పొడవు పదహారు అడుగుల అయిదు అంగుళాలు, పడితే పడటానికి అటూ ఇటూ కలుపుకుని వెడల్పు నాలుగు అడుగులు. టేపు పెట్టి తనే కొలిచాడు. కొట్టులో పోయిన నేల అరవై ఆరు చదరపు అడుగులు.